నమ్మి చేసిన పనియేనా?



ఇంటిలో ఎవరైన మనకు నచ్చని పని యొకటి చేసినప్పుడు, ఆ పని మంచిదా, చెడ్డదా యని మనము మొట్టమొదట అడుగము. వారు దానిని మనసార నమ్మి చేసిరా, లేక ఎవరి మెప్పు కొఱకో, లాభము కొఱకో చేసిరా యని అడుగుదుము. తోడికోడండ్ర నడుమ పొరపొచ్చెము వచ్చినను, తండ్రి కొడుకులకు ఆస్తి పంచినను, ఊరి పెద్ద తీర్పు చెప్పినను ఈ ప్రశ్నయే ముందు నిలుచును. మనసు మంచిదని తోచినచో సగము కోపము చల్లారును. మనసులో మర్మమున్నదని తోచినచో మంచి పనియు చేదగును.

కొన్ని సంవత్సరముల క్రిందట అమెరికా దేశమున లక్షలాది ప్రజలు ఒక అధికారిని గుఱించి ఈ ప్రశ్ననే అడిగిరి. ఆయన పేరు శ్రీ అజిత్ పాయ్. భారతదేశము నుండి వలస పోయిన వైద్య దంపతుల కుమారుడు. 1973లో బఫెలో నగరమున జన్మించి, కాన్సస్ రాష్ట్రములోని పార్సన్స్ అను చిన్న యూరిలో పెరిగెను. ఆ దేశమున టెలిఫోను, రేడియో, టెలివిజన్, ఇంటర్నెట్టు వ్యవహారములపై అధికారము గల సంఘము ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్. పాయ్ గారు దానికి అధ్యక్షులై యుండగా, 2017 డిసెంబరు 14వ తేదీన, "నెట్ న్యూట్రాలిటీ" యను నిబంధనలను ఆ సంఘము రద్దు చేసెను. ముగ్గురు సభ్యులు రద్దునకు అనుకూలురు, ఇద్దరు ప్రతికూలురు. మన యిండ్లలో ఎందఱి బిడ్డలో ఆ దేశమున కాపురములు చేయుచున్నారు. వారి ముఖములను మనకు చూపునదియు, వారి మాటలను మనకు వినిపించునదియు ఆ ఇంటర్నెట్టు తీగయే. కావున ఈ సంగతి మనకు మిక్కిలి దూరమైనది కాదు.

ముందుగ ఆ నిబంధనల సంగతి చెప్పవలెను. ఏటి రేవున బల్లకట్టు నడుపువాని ధర్మమేమి? కూలి యిచ్చిన వారినెల్ల దాటింపవలెను. తన బావమఱది కుండల వర్తకుడు గనుక ఇతరుల కుండలను ఎక్కింపననరాదు. ఒకనియొద్ద లోపాయికారిగ పైకము పుచ్చుకొని, వాని బండిని ముందు దాటించి, తక్కినవారిని ఎండలో నిలుపరాదు. బల్లకట్టు వానిది కావచ్చును. దానిపై నెక్కిన సరకు వానిది కాదు. ఇంగ్లీషువారి న్యాయశాస్త్రము పడవవానికిని, సత్రమువానికిని, సరకులు మోయువానికిని ఈ ధర్మమును ఏనాడో విధించినది. అమెరికాలో 1934వ సంవత్సరపు చట్టము దీనినే టెలిఫోను కంపెనీలకు విధించెను.

ఇంటింటికి ఇంటర్నెట్టు తెచ్చి యిచ్చు కంపెనీ బల్లకట్టువాని వంటిదా, కాదా? వివాదమంతయు నిదియే. ఆ కంపెనీ తనకు గిట్టని వారి దారి మూయరాదు. ఒకరి రాకపోకలను కావలెనని మందగింపజేయరాదు. పైకము పుచ్చుకొని ఒకరిని ముందు పంపరాదు. ఈ మూడు కట్టుబాట్లకే నెట్ న్యూట్రాలిటీ యని పేరు. 2003లో టిమ్ వూ అను న్యాయశాస్త్రాచార్యుడు ఈ పేరు పెట్టెను.

ఇట్టి కట్టుబాట్లు లేనిపోని భయము వలన పుట్టినవని కొట్టివేయరాదు. 2005లో మాడిసన్ రివర్ అను టెలిఫోను కంపెనీ, తన తీగపై వేఱొకరు ఇంటర్నెట్టు ద్వారా టెలిఫోను వ్యాపారము సాగించుట నోర్వక, ఆ దారిని మూసివేసెను. కమిషన్ కలుగజేసుకొనగా 15,000 డాలర్లు చెల్లించి, ఇకమీద అట్లు చేయనని ఒప్పుకొనెను. 2007లో కామ్‌కాస్ట్ అను పెద్ద కంపెనీ బిట్‌టారెంట్ అను పద్ధతిలో సాగు రాకపోకలను అడ్డగించుచున్నట్లు బయటపడెను. కమిషన్ దానిని తప్పుపట్టెను గాని, 2010లో న్యాయస్థానము కమిషన్‌కు అట్టి యధికారము లేదనెను. కమిషన్ మరల నిబంధనలు వ్రాయగా, 2014లో వానిలో ముఖ్యమైనవి కొట్టివేయబడెను. తుదకు 2015 ఫిబ్రవరి 26న కమిషన్ ఇంటర్నెట్టు కంపెనీలను 1934 నాటి టెలిఫోను చట్టము క్రిందికి తెచ్చి, గట్టి పునాదిపై నిబంధనలు చేసెను. 2016లో న్యాయస్థానము వానిని సమర్థించెను. వానినే పాయ్ గారు మఱుసటి సంవత్సరము రద్దు చేయించిరి.

ఇంత చేసిన మనుష్యుడు దానిని నమ్మి చేసెనా? కాదని యనేకులు తలంచిరి. 2001 మొదలు 2003 వఱకు పాయ్ గారు వెరైజన్ అను కంపెనీలో న్యాయవాదిగా పనిచేసిరి. రద్దు వలన లాభము పొందు కంపెనీలలో వెరైజన్ ఒకటి. ఉప్పు తిన్న యింటికి ఊడిగము చేయుచున్నాడని జనులు నిందించిరి. ఆ నింద నిజమా, కాదా యని తేల్చుటకు మనస్సును తెఱచి చూపు తాళపుచెవి ఎవరియొద్దను లేదు. ఐనను, కొత్త కోడలి గుణమును పెద్దలు నడవడిని బట్టి యెఱిగినట్లు, మనమును నడవడిని బట్టి కొంత యెఱుగవచ్చును.

మొదటి పరీక్ష: లాభము కనబడక మునుపు ఆ మాట యున్నదా? పాయ్ గారు 2012లో కమిషన్ సభ్యులైరి. సంఘములో అయిదుగురే సభ్యులు. వారిలో ఒక రాజకీయ పక్షమువారు మువ్వురికి మించరాదని చట్టము. కావున అధ్యక్షుడు ఒబామా గారే తమ ఎదుటి పక్షమునకు చెందిన పాయ్ గారిని ఆ స్థానమునకు ప్రతిపాదించిరి. 2014 మే నెలలో క్రొత్త నిబంధనల ప్రస్తావన వచ్చినప్పుడు పాయ్ గారు వ్యతిరేకించిరి. 2015లో ఓటు జరిగినప్పుడును వ్యతిరేకించి, తమ భిన్నాభిప్రాయమును వివరముగా వ్రాసిరి. ఆనాడు ఆయన పక్షము ఓడిపోయినది. 2017లో దేశాధ్యక్షులెవరగుదురో ఎవరికిని తెలియదు. ఓడిన దినమున చెప్పిన వాదమునే గెలిచిన దినమునను ఆయన చెప్పిరి. గాలివాటుగ మాట మార్చువాని పద్ధతి యిది కాదు.

రెండవ పరీక్ష: పూర్వపు కొలువు మనిషిని కట్టివేయునా? 2015 నాటి నిబంధనలను చేసిన అధ్యక్షులు శ్రీ టామ్ వీలర్ ఎవరు? ఆయన అంతకు మునుపు కేబుల్ కంపెనీల సంఘమునకును, పిమ్మట 1992 మొదలు 2004 వఱకు సి.టి.ఐ.ఏ. అను సెల్‌ఫోను కంపెనీల సంఘమునకును నాయకుడై, వారి తరపున ప్రభుత్వముతో వాదించినవాడు. అట్టివాడు కంపెనీలకు రుచింపని నిబంధనలను చేసెను. వెరైజన్‌లో రెండేండ్లు పనిచేసినవాడు వానిని తీసివేసెను. పుట్టింటి వాసన బట్టి కోడలిని తూచరాదన్నట్లు, పాత కొలువును బట్టి మనసును తూచరాదని దీనివలన తెలియుచున్నది.

మూడవ పరీక్ష: లాభము మారినప్పుడు మాట మారినదా? దీనికి పోలికగా ఎదుటి పక్షమును చూడుడు. నెట్‌ఫ్లిక్స్ అను చలనచిత్ర వ్యాపార సంస్థ 2014లో నెట్ న్యూట్రాలిటీ కొఱకు గట్టిగ పోరాడెను. 2017 నాటికి ఆ సంస్థ మిక్కిలి పెద్దదయ్యెను. నిబంధనలు మంచివే గాని, తాము ఇప్పుడు పెద్దవారము గనుక ఇది తమ ముఖ్యమైన పోరాటము కాదని దాని నాయకుడే బహిరంగముగ చెప్పెను. న్యాయమైన పక్షమున నిలిచినవారి విశ్వాసమును లాభముతో పాటు తఱిగిపోవచ్చును; నింద పడిన పక్షమున నిలిచినవాని విశ్వాసము స్థిరముగ నుండవచ్చును.

నాలుగవ పరీక్ష: ఆ నమ్మకము కొఱకు ఏమి సహించెను? ఇది వ్రాయుటకు నాకు బాధగా నున్నది. 2017 నవంబరులో పాయ్ గారి యింటి దాపున, ఆయన పసిబిడ్డల పేర్లు వ్రాసిన అట్టలను కొందఱు నిలిపిరి. ఓటు జరిగిన దినమున, ఆయన మాటలాడుచుండగనే, అపాయ సూచన వచ్చినదని సభామందిరమును ఖాళీ చేయించి వెదకిరి. ఆయన కుటుంబమును చంపుదునని బెదరించిన యొక మనుష్యునికి 2019లో 20 నెలల చెఱసాల శిక్ష పడెను. ఎంత న్యాయమైన కోపమైనను, తల్లియొడిలోని బిడ్డ పేరెత్తినంతనే అన్యాయమగును. ఈ విషయమున ఆయన యిల్లాలి గుండె ఎట్లు కొట్టుకొన్నదో మనకు వేఱుగ చెప్పనక్కఱలేదు. ఇంతటి బాధకు లోనయ్యును ఆయన వెనుదీయలేదు.

ఇంతకు ఆయన వాదమేమి? 1934 నాటి చట్టము, దేశమంతటికి ఒక్క టెలిఫోను కంపెనీయే ఏలికయై యున్న కాలమునకు చేసినది. దానిని ఇంటర్నెట్టుపై రుద్దినచో కంపెనీలు క్రొత్త తీగలు వేయుటకు ధనము పెట్టవు. పల్లెటూళ్లకు పనిచేయు చిన్న కంపెనీలు ఆ కట్టుబాట్ల క్రింద నలిగిపోవును. ఇంటర్నెట్టు పెరిగినది ప్రభుత్వపు చేయి తేలికగా నున్న కాలముననే. తప్పు చేయకమునుపే అందఱిని కట్టివేయుట కంటె, కంపెనీ తన పద్ధతులను బయట పెట్టవలెనని విధించి, మోసము చేసినవానిని తరువాత శిక్షించుట మేలు. చిన్న యూరిలో పెరిగినవాడగుటచే పల్లెలకు ఇంటర్నెట్టు చేర్చుట ముఖ్యమని ఆయన తఱచు చెప్పెడివారు. పెట్టుబడి గుఱించి ఆయన చూపిన లెక్కలను ఎదుటివారు వేఱు లెక్కలతో ఖండించిరి. ఐనను ఇది బుద్ధిమంతుడు నమ్మదగిన వాదమే గాని, దాపరికమునకు కట్టిన ముసుగు వంటిది కాదు.

కావున ఆయన నమ్మియే చేసిరని నా యభిప్రాయము. పదవి విడిచిన పిమ్మట, 2025లో ఆయన సి.టి.ఐ.ఏ.కు నాయకుడైరి. పూర్వము వీలర్ గారు కూర్చున్న పీఠమే యది. ఒకరు ఆ పీఠము నుండి కమిషన్‌కు వచ్చిరి. ఒకరు కమిషన్ నుండి ఆ పీఠమునకు పోయిరి. అధికార పీఠమునకును వ్యాపార పీఠమునకును నడుమ తలుపు ఇట్లు తెఱచియుండుట మంచిది కాదు. ఆ తప్పు తలుపుదే గాని, దానినిబట్టి ఒక్కరి మనసును మాత్రము దొంగ యనజాలము.

మరి, నమ్మి చేసినచో మన ఫిర్యాదు తీరిపోయినదా? తీరలేదు. ఇక్కడనే సోదరీమణులు కొంచెము నిలిచి యాలోచింపవలెనని కోరుచున్నాను.

మన తాతముత్తాతల కాలమున ఆడుపిల్లకు చదువు వలదన్న పెద్దలెందఱో యుండిరి. వారందఱు కపటులా? కారు. చదివిన పిల్ల కాపురమునకు చెడునని వారు మనసార నమ్మిరి. పిల్ల మేలు కోరియే బడి మాన్పించిరి. వారి నమ్మకము వలన ఆ పిల్లకు కలిగిన నష్టము ఇసుమంతయు తగ్గలేదు. పైగా, కపటికి సిగ్గు కలిగించి మార్పవచ్చును. నమ్మినవానికి సిగ్గు లేదు, తాను ధర్మమే చేయుచున్నాననుకొనును. అతనిని మార్చునది వినికిడి యొక్కటే. ఎదుటివారి మాట చెవిని పెట్టినచో మాఱును, లేనిచో మాఱడు. అందుచేత గట్టిగ నమ్మువాడు తక్కినవారికంటె ఎక్కువగ వినవలసినవాడు. అధికారము గలవాని విషయమున ఇది మఱింత సత్యము.

ఈ కొలతతో చూచినప్పుడు పాయ్ గారి నడవడి తేలిపోవుచున్నది. రద్దు ప్రతిపాదనపై ప్రజలు తమ యభిప్రాయములు వ్రాయవచ్చునని కమిషన్ 2017లో కోరెను. రెండు కోట్ల ఇరువది లక్షలకు పైగా అభిప్రాయములు వచ్చెను. వానిలో దొంగ పేర్లతో వచ్చినవి మెండుగ నున్నవని ఆనాడే బయటపడెను. న్యూయార్కు రాష్ట్రపు ప్రధాన న్యాయాధికారి దీనిని గుఱించి విచారణ సాగించుచు, కమిషన్ తనకు సహాయపడుట లేదని బహిరంగముగ వ్రాసెను. ఓటును కొన్నాళ్లు ఆపుడని పలువురు వేడిరి. ఆపలేదు. 2021లో ఆ విచారణ ఫలితము వెలువడెను: దాదాపు ఒక కోటి ఎనుబది లక్షల అభిప్రాయములు బూటకములు. వానిలో 85 లక్షలు ఇంటర్నెట్టు కంపెనీలు ధనమిచ్చి నడిపించిన ప్రచారము వలన, నిజమైన మనుష్యుల పేర్లను వారికి తెలియకుండ వాడి పంపినవి. ఎదుటి పక్షమును నిర్దోషి కాదు: నిబంధనలు కావలెనని పంపిన 77 లక్షల బూటకపు అభిప్రాయములు 19 ఏండ్ల కళాశాల విద్యార్థి యొక్కడు యంత్రముచే పుట్టించినవి. తన ముంగిట ఇంత దొంగ ధాన్యము కలిసినదని తెలిసిన గృహస్థు చేట పట్టి చెఱుగకుండ వంట చేయునా?

మఱియొకటి. 2017 మే నెలలో ఒక హాస్యగాడు టెలివిజన్‌లో ఈ విషయము ప్రసంగించిన రాత్రి, కమిషన్ వారి అభిప్రాయ స్వీకరణ యంత్రాంగము కుప్పకూలెను. శత్రువులెవరో కావలెనని దాడి చేసిరని కమిషన్ ప్రకటించెను. 2018 ఆగస్టులో కమిషన్ యొక్క సొంత విచారణాధికారియే, అట్టి దాడి జరుగలేదని తేల్చెను. ఆ రాత్రి తలుపు తట్టినవారు శత్రువులు కారు, ప్రజలు. తన క్రింది యుద్యోగి తప్పు సమాచార మిచ్చెనని పాయ్ గారు చెప్పుకొనిరి. కావచ్చును. కాని ఆ తప్పు ఏడాదికి పైగా నిలిచియున్నది.

ఇంకొకటి చిన్నది గాని, నాకు దీనియందే ఎక్కువ కష్టము తోచినది. ఓటునకు కొలది దినముల ముందు ఒక విందులో, వెరైజన్ వారు తమ తోలుబొమ్మను కమిషన్ అధ్యక్షునిగా తయారు చేయుచున్నట్లు ఒక హాస్య చిత్రమును పాయ్ గారు ప్రదర్శించిరి; అందు తామే పాత్ర ధరించిరి. మఱియొక చిత్రములో క్రిస్మస్ తాత వేషము వేసికొని, నిబంధనలు పోయినను మీరు ఇవన్నియు చేసికొనవచ్చునని బొమ్మలతో ఆడి చూపిరి. తమపై వచ్చిన నిందను నవ్వులో కలుపుట సాహసమే కావచ్చును. కాని ఇంటి పెద్ద, భయపడి వచ్చిన బిడ్డ ప్రశ్నకు వెక్కిరించి బదులు చెప్పినచో, ఆ బిడ్డ మఱల అడుగునా?

వినకపోవుట వలన నష్టము కలదా? కలదు. 2018 వేసవిలో కాలిఫోర్నియా అడవులు తగులబడుచుండగా, శాంటా క్లారా జిల్లా అగ్నిమాపక దళమువారి బండికి గల ఇంటర్నెట్టు వేగమును వెరైజన్ తగ్గించివేసెను. హద్దు మించి వాడిరనియు, ఎక్కువ వెలగల పద్ధతికి మారవలెననియు చెప్పెను. ఇది తమ సిబ్బంది పొరపాటే గాని నెట్ న్యూట్రాలిటీకి సంబంధించినది కాదని కంపెనీ తరువాత చెప్పుకొనెను. ఏమైనను, 2019 అక్టోబరులో న్యాయస్థానము పాయ్ గారి రద్దును చాలవఱకు సమర్థించుచునే, ప్రజల ప్రాణరక్షణను కమిషన్ సరిగ విచారింపలేదని తప్పుపట్టెను. రాష్ట్రములు తమ సొంత చట్టములు చేసికొనరాదన్న నిషేధమును కొట్టివేసెను. ఆ దారిననే కాలిఫోర్నియా చట్టము నిలిచినది. అవతలివారు భయపెట్టినట్లు ఇంటర్నెట్టు ఒక్క రాత్రిలో కూలిపోలేదని గూడ న్యాయముగ చెప్పవలెను.

2024 ఏప్రిల్ 25న కమిషన్ మరల నిబంధనలను తెచ్చెను. 2025 జనవరి 2న వేఱొక న్యాయస్థానము, చట్టము కమిషన్‌కు అట్టి యధికార మీయలేదని వానిని కొట్టివేసెను. పది సంవత్సరములలో ఒకరు కట్టుట, ఒకరు కూల్చుట, మఱల కట్టుట, మఱల కూలుట! రెండు వైపుల వారును నమ్మియే చేసిరి.

మన దేశమున ఏమి జరిగినదో కూడ తెలిసికొనదగినది. 2015లో టెలికం నియంత్రణ సంస్థయైన ట్రాయ్ ప్రజాభిప్రాయము కోరగా పది లక్షలకు పైగా లేఖలు వచ్చెను. 2016 ఫిబ్రవరి 8న, ఒక్కొక్క వెబ్‌సైటునకు ఒక్కొక్క వెల పెట్టుట కూడదని ఆ సంస్థ శాసించెను. 2017 నవంబరు 28న, అనగా అమెరికాలో రద్దునకు రెండు వారములు ముందుగ, నెట్ న్యూట్రాలిటీ యుండవలెనని సిఫారసు చేసెను. 2018 జూలైలో కేంద్ర ప్రభుత్వము అంగీకరించెను. ఆ యధికారుల మనసులో ఏమున్నదో మనకు తెలియదు. తెలియనక్కఱయు లేదు. వారు అడిగిరి, ప్రజలు వ్రాసిరి, కారణములు చెప్పి నిర్ణయము చేసిరి. మనము చూడవలసిన దదియే.

కావున సోదరీమణులారా, ఇంటిలోనైనను ఊరిలోనైనను అధికారము చేతబట్టినవారు "నేను నమ్మి చేసితిని" అన్నంతనే మనము తలయూపి ఊరకుండరాదు. "నీ మనసులో దురాశ యున్నది" అని నిందించియు లాభము లేదు. "నీ నమ్మకమునకు కారణమేమి? మా మాట వింటివా? విన్న పిమ్మట ఏమి మార్చితివి?" అని యడుగవలెను. ఇంటి పగ్గములు మన చేతిలో నున్నప్పుడు మన కోడలును, కూతురును ఈ మూడు ప్రశ్నలనే మనలను అడుగవచ్చును. అప్పుడు బదులు చెప్పగలుగునట్లు నడచుకొందము.